చుక్క, మోటు, దిమ్మ

ఆ ఎండాకాలం మా చెల్లి పుట్టింటికి వచ్చినప్పుడు బట్టల సంచి కూడా తెచ్చుకోలేదు. ఒక చేత్తో ఎనిమిదేళ్ల కూతుర్ని పట్టుకుంది, ఇంకో చేతిలో రుమాలుంది. రుమాల్లో తన ముందు పన్ను. డాక్టరు మళ్లీ అతికిస్తాడేమోనని తెచ్చుకుందట. మొహం సగం వాచి, ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది. దాని మొగుడికి, అంటే మా మరిదికి, టైర్ల దుకాణం ఉంది. రోజంతా ఇనుప కడ్డీతో లారీ చక్రాల నుంచి టైర్లు ఊడదీసే చేతులు అతనివి.

టీవీలు బాగుచేయడం నా పని. ఆ సమయానికి నేను ముందుగదిలో ఎవరిదో టీవీ బోర్లా పడుకోబెట్టి వెనక మూత విప్పుతున్నాను. నాకసలే ముక్కు మీద కోపం. స్క్రూడ్రైవరు చేతిలో ఉండగానే లేచాను.

"ఎక్కడున్నాడే వాడు?"

"నువ్వు కూర్చో," అంది అమ్మ. చెల్లి మొహం కేసి చూస్తూ, దాని దవడ కింద వేళ్లు పెట్టి మెల్లగా అటూ ఇటూ తిప్పింది. "ఎముక విరగలేదు. ఐసు తెస్తానుండు." ఆవిడకి ఆ విద్య ఎక్కడ అబ్బిందో మా ఇద్దరికీ తెలుసు.

నాన్న కుర్చీలోంచి లేవలేదు. చేతికర్ర మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, "మొగుడూ పెళ్లాలన్నాక సవాలక్ష ఉంటాయి. కోపం తగ్గాక ఆయనే వచ్చి తీసుకెళ్తాడు," అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. "నేనేనాడైనా మీ అమ్మ మీద చెయ్యెత్తానా?"

అంత పచ్చి అబద్ధాన్ని అంత నింపాదిగా చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. విచిత్రమేమిటంటే ఆయన నమ్మే చెప్పాడు. డెబ్బై ఏడేళ్లు వచ్చేసరికి చాలా విషయాలు మరిచిపోయాడు, తనకు పనికిరానివి ముందు మరిచిపోయాడు. అమ్మ ఐసు తెచ్చి చెల్లి దవడకి అద్దింది.

పాప నీళ్లు తాగడానికి లోపలికి వెళ్లాక చెల్లి అసలు సంగతి చెప్పింది. "వాడు నా కోసం రాడక్కా. దాని కోసం వస్తాడు. దాన్ని ఎత్తుకుపోతే నేనే వెనకాల వచ్చి కాళ్ల మీద పడతానని వాడికి తెలుసు. మొహం మీదే చెప్పాడు."

పోలీసు స్టేషనుకు వెళ్లి కాగితం రాసిచ్చాం. వాళ్లు చదివి, వాడొస్తే ఫోను చేయమన్నారు. వాడొచ్చాక ఫోను చేసే తీరిక ఎవరికుంటుందో చెప్పలేదు.

ఇంటికి రాగానే అమ్మ నన్ను పక్కకు పిలిచింది. "అటక మీద యంత్రం ఉంది. దించు."

"ఏ యంత్రం?"

"నాది," అంది అమ్మ.

*

యంత్రమంటే కంప్యూటరే. ఇప్పటివాళ్లు చూస్తే వట్టి కీబోర్డు అనుకుంటారు. ఉన్నదంతా ఆ లావుపాటి మీటల పలకలోనే ఉంటుంది. దానికి సొంత తెర లేదు, ఇంట్లో టీవీనే తెరగా వాడుకోవాలి. రాసినవి దాచుకోవడానికి పాటల క్యాసెట్టు పెట్టాలి. అమ్మ ఒకప్పుడు టైపిస్టు. ఆఫీసులో ఎవరికీ చేతకాక మూలన పడేసిన ఆ యంత్రాన్ని అడిగి ఇంటికి తెచ్చుకుంది. అదొక రకం టైపు మిషననుకుని నాన్న ఊరుకున్నాడు. దానితో వచ్చిన పుస్తకం చదివి, ఎవరి సాయమూ లేకుండా, అమ్మ ఒక ఆట రాసింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, చెల్లికి ఐదు. ఆటలో ఉన్నది మా ఇల్లే. ముందుగది, హాలు, నాన్న గది, మెట్ల కింది గూడు, వంటింటి గుమ్మం, స్నానాల గది పక్క సందు, పెరటి తలుపు, అన్నీ తెల్ల గీతలతో గీసి ఉండేవి. అందులో ముగ్గురు. చిన్న పసుపు గడి చుక్క. చుక్కను మేం నడపాలి. పెద్ద ఎర్ర గడి మోటు. అది వీధి తలుపులోంచి వచ్చి చుక్కను తరుముతుంది. వంటింటి గుమ్మంలో కదలకుండా ఉండే నీలం గడి దిమ్మ. మోటు దిమ్మ దగ్గరికి రాగానే కాసేపు ఆగుతుంది. ఎంత ఎక్కువసేపు ఆగితే చుక్కను అంతగా మరిచిపోతుంది. ఆ ఆగడం చివరి లెక్కలో చుక్క మెట్ల కింది నుంచి బయటపడి, సందులోంచి పెరటి తలుపు దాటాలి. దాటితే గెలిచినట్టు.

మోటు ఎవరో మాకు తెలుసు. పిల్లలకు ఆమాత్రం తెలుస్తుంది. మాకు తట్టనిది దిమ్మ సంగతి.

మూడేళ్లు ఆడాం. ఒకరోజు నాన్న అమ్మ మీదికి ఇస్త్రీ పెట్టె విసిరాడు. అమ్మ తల వంచింది, అది వెళ్లి టీవీకి తగిలింది. టీవీ గొట్టం పేలిన చప్పుడుకు పక్కింటివాళ్లు కూడా బయటికొచ్చారు. హాలంతా గాజు. తర్వాత కొన్న టీవీని నాన్న తన గదిలో పెట్టి తాళం వేసుకున్నాడు. యంత్రం అటకెక్కింది.

దించి దుమ్ము దులిపి చూస్తే, ముందు దాని కరెంటు పెట్టెతోనే పేచీ వచ్చింది. లోపల జిగురు పోసి గట్టిపరిచిన నల్లటి దిమ్మలాంటి పెట్టె అది, ఇటుకరాయంత బరువు. ఆ కాలపు పెట్టెలు పాతబడితే చెప్పాపెట్టకుండా ఎక్కువ కరెంటు వదిలి యంత్రంలో చిప్పుల్ని మాడ్చేస్తాయి. మీటరు పెట్టి కొలిస్తే ఐదు వోల్టులు చూపాల్సిన చోట ఎనిమిది చూపింది. దాన్ని తీసేసి చిన్న కొత్త అడాప్టరు కట్టాను. పాతది పారేయబోతుంటే అమ్మ లాక్కుని, వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టింది.

అసలు చిక్కు బొమ్మతో వచ్చింది. పాత గొట్టాల టీవీ ఒక్కటీ దొరకలేదు, అన్నీ తుక్కులో కలిసిపోయాయి. హాల్లో ఉన్నది గోడకు బిగించిన పెద్ద పలక టీవీ. ఈ యంత్రమేమో తన బొమ్మను పాత టీవీ ఛానెలులా వేషం వేసి పంపుతుంది. ఆ ఛానెళ్లు ఆగిపోయి ఎన్నాళ్లయింది? కొత్త టీవీ దాన్ని గుర్తుపట్టలేదు. 'సిగ్నల్ లేదు' అని నీలం తెర చూపించి ఊరుకుంది. యంత్రం విప్పి, లోపల వేషం వేసే రేకు డబ్బాను పక్కన పెట్టి, దానికి ముందే ఉన్న బొమ్మ తీగను పట్టుకుని బయటికి లాగాను. దాన్ని కొత్త టీవీకి అర్థమయ్యేలా మార్చే చిన్న పెట్టె ఒకటి బజార్లో తెచ్చి మధ్యలో కలిపాను. క్యాసెట్టు తిప్పే రబ్బరు బెల్టు కరిగి తారులా అయిపోయింది. అది తుడిచి కొత్తది వేయడానికి ఒక పూట పట్టింది.

క్యాసెట్టు కీచుమంటూ తిరిగింది. ఐదు నిమిషాలకు గోడంత తెర మీద తెల్ల గీతల ఇల్లు వచ్చింది. చెల్లి వాచిన మొహంతోనే నవ్వింది. ఊడిన పన్ను దగ్గర ఖాళీ చూస్తే నాకు మళ్లీ ఐదేళ్ల పిల్లే కనబడింది. ఏడుపొచ్చింది నాకు.

క్యాసెట్టులో ఆ ఆట ఐదుసార్లు దాచి ఉంది. తీరిగ్గా ఐదింట్లోనూ అమ్మ టైపు చేసిన ఆదేశాల వరసలు తెరిచి చూశాను. అన్నీ ఒకటే. ఒక్క వరసలో ఒక్క అంకె తేడా, మోటు దిమ్మ దగ్గర ఎన్ని లెక్కలు ఆగాలో చెప్పే అంకె. మొదటిసారి రెండు. తర్వాత మూడు, నాలుగు, ఐదు. చివరిదాంట్లో ఏడు. మేం ఓడిపోయి ఏడుస్తుంటే అమ్మ మాకోసం సులువు చేసుకుంటూ వచ్చిందనుకున్నాను.

*

పాపకు ఇంట్లో పేరు మిరియం. చిన్నగా ఉంటుంది, ఘాటుగా ఉంటుంది. ఆట చూడగానే, "బొమ్మలు బాలేవు," అంది. అయినా పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా దాని ముందే కూర్చుంది. ఆడింది, ఓడింది. మళ్లీ ఆడింది, మళ్లీ ఓడింది. తొమ్మిదేళ్లప్పుడు నేను కళ్లు మూసుకుని గెలిచిన ఆట, నేను ఆడినా ఓడాను. పట్టి చూస్తే అర్థమైంది. మీట నొక్కిన తర్వాత రవ్వంత ఆగి చుక్క కదులుతోంది. అంటే బొమ్మ ఆలస్యంగా వస్తోంది. మోటు కనబడేసరికే అది చుక్క మీద పడి ఉంటోంది.

ఇక్కడ నేను చేసిన వెధవ పని చెప్పుకోవాలి. బొమ్మ ఆలస్యాన్ని సరిచేయడం పెద్ద పని. బయటి టీవీలు నాలుగు బల్ల మీద ఎదురుచూస్తున్నాయి. పాప ఏడుస్తోంది. అమ్మ రాసిన వరసల్లో మోటు వేగం ఎక్కడుందో వెతికి, దాన్ని సగానికి తగ్గించేశాను. సాయంత్రానికి మిరియం పదిసార్లు గెలిచింది. పదిహేను రోజులు ఇల్లంతా దాని కేకలే. నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఒక మధ్యాహ్నం అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఒకసారి నేనాడతాను, ఇటివ్వు," అంది. డెబ్బై రెండేళ్ల మనిషి మీటల మీద వేళ్లు పెట్టింది. పెదాలు కదిలాయి, ఏదో లెక్కపెడుతోంది. ఒక్క ఆట ఆడి గెలిచింది. నా వైపు తిరిగింది.

"ఇది నా మోటు కాదు."

"బొమ్మ ఆలస్యంగా వస్తోందమ్మా, టీవీ తప్పది. పాప ఓడిపోతోందని కాస్త..."

"ఎంత తగ్గించావు?"

"సగం."

చెంప ఛెళ్లుమంది. నేను పుట్టి బుద్ధెరిగాక అమ్మ నన్ను కొట్టింది అదొక్కసారే. చెవిలో గుయ్యిమంటుంటే ఆవిడ మాట ఎక్కడో దూరం నుంచి వినబడింది.

"పాప ఏడుస్తోందని వాడు నెమ్మదిగా నడుస్తాడా? పదిహేను రోజులు దాని కాళ్లకి అబద్ధం నేర్పావు కదే."

చెల్లి బిత్తరపోయి చూస్తోంది. "అమ్మా, ఆట కోసం అక్కని కొట్టడమేంటి?" అంది.

"వాడొస్తే పారిపోవే అని పిల్లకి చెప్పామనుకో, ఏం చేస్తుంది? వాణ్ణి చూడగానే బిగుసుకుపోతుంది. నువ్వు బిగుసుకుపోలేదూ ఎప్పుడూ? ఆడితే బుర్ర మరిచిపోయినా కాళ్లు మరిచిపోవు. మీ ఇద్దరూ ఎన్నిసార్లు పెరటి తలుపు దాటారో నాకు తెలుసు, నేనే నేర్పాను కనక." అమ్మ నా వైపు చూసింది. "వాడి వేగం వాడికి ఇచ్చెయ్. బొమ్మ సంగతి నువ్వు చూడు. చేతకాకపోతే చెప్పు, చేతనైనవాళ్లని పిలుస్తాను."

ఆ చివరి మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

*

నేను సరిచేసేలోపు నాన్న అడ్డం వచ్చాడు. పదిహేను రోజులుగా టీవీ తన చేతిలో లేదని ఆయనకు లోపల కుతకుతలాడుతోంది. ఆ సాయంత్రం కుర్చీ ముందుకు లాక్కుని తెర కేసి పరీక్షగా చూశాడు.

"ఆ ఎర్రదేమిటి, ఎప్పుడు చూసినా తరుముతూనే ఉంటుంది?"

"అది మోటు, తాతయ్యా."

"ఎక్కడి మోటు?"

"ఈ ఇంటిదే. అదిగో నీ గది, అదిగో వీధి తలుపు. అందులోంచే వస్తుంది."

నాన్న చాలాసేపు చూశాడు. గీతల్లో తన గదిని పోల్చుకున్నాడు. వంటింటి గుమ్మంలో నీలం గడిని చూశాడు. ఎర్ర గడి దాని దగ్గరికొచ్చి ఆగడం చూశాడు. ఆయన మొహంలో రంగు మారింది. లేచి, కర్ర రెండు చేతులా పట్టుకుని, టీవీ కింద నేను కలిపిన పెట్టె మీద ఒక్కటి వేశాడు. మళ్లీ వేశాడు. ప్లాస్టిక్కు ముక్కలు పాప ఒళ్లో పడ్డాయి. మూడో దెబ్బ దాని వేళ్లకు జానెడు దూరంలో పడింది. మిరియం చప్పుడు చేయకుండా మెట్ల కింది గూట్లోకి వెళ్లిపోయింది.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. నేల మీద కూర్చుని ముక్కలు ఏరింది. నాన్న కేసి చూడనైనా లేదు. నన్నడిగింది, "యంత్రానికేం కాలేదు కదా?"

"లేదు."

"అయితే నయం. ఎలాగూ అది మార్చాల్సిందేగా."

ఆ బజారు పెట్టె ఒక బొమ్మ మొత్తం వచ్చేదాకా లోపల పట్టి ఉంచి, దిద్ది, అప్పుడు వదిలేది. ఆ మీదట టీవీ ఇంకోసారి దిద్దుతుంది. ఇద్దరు మేనత్తలు పెళ్లికూతుర్ని ముస్తాబు చేసినట్టు ఎవరికీ తొందర లేదు. పాత యంత్రాల పిచ్చి ఉన్నవాళ్లు వాడే సర్క్యూటు పలక ఒకటి ఉందని విని తెప్పించాను. అది దేన్నీ పట్టి ఉంచదు. బొమ్మలో ఒక్కో గీత వచ్చింది వచ్చినట్టే పంపేస్తుంది. యంత్రం లోపల చిప్పు కాళ్లకు తీగలు అతికించి, రంగులు విడివిడిగా తీసి దానికిచ్చాను. టీవీలో ఆటల అమరిక, అదే గేమ్ మోడ్, పెట్టి, దాని దిద్దుబాట్లన్నీ ఆపేశాను. మీట నొక్కే వేలునీ తెరనూ కలిపి ఫోనులో నెమ్మది వీడియో తీసి చూశాను. వేలు దిగగానే చుక్క కదిలింది. మోటు వేగం మోటుకు ఇచ్చేశాను. అమ్మను పిలిచాను. ఆవిడ ఒక్క ఆట ఆడి, "ఇదే," అంది.

మిరియం మళ్లీ మొదట్నుంచి ఓడింది. నలభైసార్లు ఓడింది. నన్ను మోసగత్తెనంది, అమ్మమ్మను రాక్షసి అంది. కీబోర్డు మీద తల బాదుకుంది. వారం తిరిగేసరికి నాలుగుసార్లకు ఒకసారి గెలిచింది. రెండో వారానికి ఓడటం మానేసింది.

అప్పుడు అమ్మ టీవీ కట్టేసి, "ఇప్పుడు నిజం ఇంట్లో ఆడదాం," అంది. పెరటి గడియ పాపకు అందేలా నాచేత కిందికి దింపించి, నూనె వేయించింది. పెరటి సందుకు అవతల కుట్టుమిషన్లు పెట్టుకున్న ఒకావిడ ఉంది. పాప పరుగెత్తుకొస్తే లోపలికి లాక్కుని షట్టరు దించాలని ఆవిడకు చెప్పింది. చెల్లి మోటు వేషం వేసేది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడేది. పాప మెట్ల కింద కూర్చుని ఏడు లెక్కపెట్టి పరుగెత్తేది. నేను నా బల్ల దగ్గరినుంచి చూస్తూ, ఇదంతా ఆవిడ చాదస్తం అనుకునేదాన్ని. నాకింకా అర్థం కాలేదు.

*

ఎండలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం వాడు వచ్చాడు. చెల్లి పన్ను కట్టించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆ సంగతి వాడికి తెలుసు. నాన్న ఫోనులో చెప్పాడు. తలుపు తీసింది కూడా నాన్నే.

"రావయ్యా, కూర్చో. నెమ్మదిగా మాట్లాడుకుందాం," అంటున్నాడు నాన్న.

వాడు కూర్చోవడానికి రాలేదు. చేతిలో టైర్లు ఊడదీసే కడ్డీ ఉంది. నేను బల్ల దగ్గర్నుంచి లేచి అడ్డం నిలబడ్డాను.

"వదినా, నీతో నాకు పేచీ లేదు. నా కూతుర్ని తీసుకుపోతాను. తప్పుకో."

"చస్తే తప్పుకోను."

కడ్డీ నా మోకాలి మీద పడింది. ఎముక శబ్దం చెవులతో కాదు, పళ్లతో విన్నాను. కింద పడ్డాను. పడ్డదాన్ని కడుపులో తన్నాడు. ఊపిరి ఆడక నోరు తెరుచుకుని నేల మీద ఉండిపోయాను. అక్కడినుంచి హాలంతా కనబడుతోంది. టీవీలో ఇంకా తెల్ల గీతల ఇల్లు ఉంది. దాని ముందు పాప లేదు. మెట్ల కింది గూట్లో రెండు కాళ్లు కనబడ్డాయి.

వాడు హాల్లోకి వెళ్లి చుట్టూ చూశాడు. వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. రెండు చేతులతో రెండు పక్కలా ద్వారబంధాన్ని పట్టుకుంది.

"లోపలికి పోవడానికి వీల్లేదు," అంది, లోపలేదో దాచినట్టు.

వాడు తిన్నగా ఆవిడ దగ్గరికి వెళ్లి ఆగాడు.

"పాప లోపలుందా? తప్పుకో అత్తయ్యా."

గూట్లో పాప పెదాలు కదులుతున్నాయి. ఒకటి.

"పెద్దదానివని చూస్తున్నాను. తప్పుకో."

రెండు. మూడు. వాడు కడ్డీ ఎత్తి అమ్మ కుడి చేతి మీద కొట్టాడు. చెయ్యి పట్టు ఊడి వేలాడింది. అమ్మ ఎడమ చేత్తో పట్టు వదల్లేదు, భుజాన్ని అవతలి గోడకు ఆనించుకుంది. అరవలేదు. అరిస్తే గూట్లో ఉన్న పిల్ల లెక్క తప్పుతుంది. నాలుగు. భుజం మీద కొట్టాడు. ఐదు.

అప్పుడు తెలిసింది నాకు. రెండు, మూడు, నాలుగు, ఐదు, ఏడు. అవి మాకు ఆట సులువు చేయడానికి మార్చిన అంకెలు కావు. అమ్మ ఆ గుమ్మంలో ఎంతసేపు నిలబడగలిగిందో ఆ లెక్కలు. మొదట్లో రెండు లెక్కలకే పడిపోయేది. మేం పెరటి తలుపు దాటడానికి అది చాలేది కాదు. అందుకని నేర్చుకుంది. ఏడు దాకా నిలబడటం నేర్చుకుంది.

ఆరు. జుట్టు పట్టుకుని తల ద్వారబంధానికి కొట్టాడు. ఏడు.

గూట్లోంచి పసుపు గౌను ఒకటి వాడి వెనక నుంచి సందులోకి దూసుకుపోయింది. నూనె వేసిన గడియ చప్పుడు కాలేదు. కుట్టుమిషన్లావిడ షట్టరు దిగిన చప్పుడు మాత్రం గట్టిగా వినబడింది.

ఆ చప్పుడుకు వాడు తల తిప్పాడు. ఆటలో ఇక్కడితో అయిపోతుంది. చుక్క దాటగానే తెర చెరిగిపోయి మళ్లీ మొదలవుతుంది. ఇక్కడ తెర చెరగలేదు. వాడు మోసపోయానని తెలుసుకుని అమ్మ వైపు తిరిగాడు. కడ్డీ తల ఎత్తుకు లేపాడు.

నేను అప్పటికి పాకుతూ గుమ్మం దాకా వచ్చాను. తలుపుకు అడ్డం పెట్టిన కరెంటు పెట్టె నా చేతికి తగిలింది. దాని తీగ చేతికి రెండు చుట్లు చుట్టుకుని, పడి ఉన్నదాన్ని పడి ఉన్నట్టే తిప్పి వేశాను. వాడి చీలమండ పగిలింది. పడ్డాడు. రెండోసారి మణికట్టు మీద వేశాను, కడ్డీ జారిపోయింది. మూడోసారి అక్కర్లేదు. అయినా వేశాను.

నాన్న వీధి తలుపు దగ్గర, గడియ మీద చెయ్యి అలాగే పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

*

కుట్టుమిషన్లావిడ ఫోను చేస్తే పోలీసులొచ్చి వాణ్ణి మోసుకెళ్లారు. ఇంకో బండిలో నన్నూ అమ్మనూ ఆసుపత్రికి తీసుకెళ్లారు. అమ్మకు చెయ్యి రెండుచోట్ల, భుజం ఎముక ఒకచోట విరిగింది. తలకు తొమ్మిది కుట్లు పడ్డాయి. సాయంత్రం చెల్లి పాపను తీసుకొచ్చింది. మిరియం అమ్మమ్మ మంచం దగ్గరికి పోకుండా నా మంచం పక్కనే నిలబడి, నా చెవిలో అడిగింది.

"పెద్దమ్మా, ఏడు లెక్కపెట్టాకే పరుగెత్తాను. తప్పు చేశానా? ఆటలో దిమ్మకి ఏం కాదుగా?"

దగ్గరికి లాక్కున్నాను. "నువ్వు తప్పు చేయలేదు," అన్నాను. "ఆట తప్పు."

అవతలి మంచం మీద అమ్మ కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాను.

మూడు వారాలకు ఇంటికొచ్చాం. మొదటి వానలు పడుతున్నాయి. అమ్మ గుమ్మంలో అడుగు పెడుతూనే నాన్న ముందు ఎడమ చెయ్యి చాపింది.

"తాళంచెవులు ఇటివ్వండి."

"ఎందుకు?"

"ఇవ్వండి."

నాన్న జేబులోంచి తీసి ఇచ్చాడు. నా మోకాలు, అమ్మ చెయ్యి మార్చి మార్చి చూశాడు. ఏదో అనబోయాడు. అమ్మ ఆగలేదు. ఆ మనిషి జీవితంలో చెప్పబోయిన మంచి మాటేదైనా ఉంటే అది అప్పటిదే అయి ఉంటుంది. వినే ఓపిక మాకెవరికీ లేకపోయింది.

అమ్మ యంత్రం ముందు కూర్చుంది. కుడి చేతికి కట్టు. ఎడమ చేత్తో ఒక్కొక్క మీటే వెతుక్కుంటూ ఆట వరసలు తెరిచింది. ఆ అంకె ఉన్న వరస తెర మీదికి వచ్చింది. నేను మీటల మీదికి వంగాను.

"ఎంత చేస్తావమ్మా? ఎనిమిదా?"

అమ్మ ఆ వరస చెరిపేసింది. తర్వాత చాలాసేపు టైపు చేసింది. అవసరమైన చోట చెల్లి అక్షరాలు చదివి పెట్టింది. ఎప్పుడూ తెరిచి ఉండే వీధి తలుపు దగ్గరి ఖాళీని ఒక తెల్ల గీతతో మూసింది. క్యాసెట్టులో ఆరోసారి దాచి, "రావే మిరియం," అని పిలిచింది.

పాప చుక్కను ముందుగదిలో పెట్టి ఎదురుచూసింది. ఎవరూ రాలేదు.

"మోటు ఏది?"

"బయట. తాళం వేశాను."

పాప చుక్కను హాల్లో తిప్పింది, మెట్ల కిందికి తీసుకెళ్లింది, మళ్లీ బయటికి తెచ్చింది. "ఇదేం ఆట అమ్మమ్మా? ఎవరూ తరమట్లేదు."

"తరమకపోతే ఏం చేయాలో నాకూ తెలీదే," అంది అమ్మ. "ఇంకో ఆటకత్తె ఉంటే బాగుంటుందని, దిమ్మకి కూడా మీటలు పెట్టాను. చూద్దాం పనిచేస్తాయో లేదో."

ఎడమ చేతి వేలితో ఒక మీట నొక్కింది. వేలు దిగగానే వంటింటి గుమ్మంలో నీలం గడి కదిలింది. ఒక అడుగు హాల్లోకి వచ్చి ఆగింది. అమ్మ వేలు మీట మీదే ఉండిపోయింది. రెండో అడుగు ఎటు వేయాలో తెలియక తెర కేసి చూస్తోంది.

చుక్క గబగబా వచ్చి దాని పక్కన నిలబడింది.

"ఇటు రా అమ్మమ్మా," అంది మిరియం. "నువ్వెప్పుడూ చూడలేదుగా, పెరడు చూపిస్తాను."